మూడుకీ నాలుగుకీ మధ్య ఎంత దూరం?

ప్రశ్న: సార్, మాది తాడిపత్రి. అనంతపురంలో ఎంబీఏ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం మా మేనమామ నడిపే టిఫిన్ హోటల్లో సర్వే చేశాను. పాత వంటమనిషి ఉన్నప్పుడు 40 మందిని, కొత్తాయన వచ్చాక వేరే 40 మందిని “ఉగ్గాని బజ్జి ఎలా ఉంది?” అని అడిగాను. 1 బాగాలేదు, 2 అంత బాగాలేదు, 3 పర్వాలేదు, 4 బాగుంది, 5 చాలా బాగుంది. పాత సగటు 3.4, కొత్త సగటు 3.7 వచ్చింది. “కస్టమర్ల సంతృప్తి 8.8 శాతం పెరిగింది” అని రిపోర్టులో రాశాను. మా గైడ్ సార్ ఆ వాక్యాన్ని ఎర్ర ఇంకుతో కొట్టేసి, “ఇది ఆర్డినల్ డేటా, సగటు ఎలా తీశావ్?” అని పక్కన రాశారు. ఆర్డినల్ అంటే ఫస్ట్, సెకండ్, థర్డ్ అని చిన్నప్పుడు చదువుకున్నాం. దానికీ నా సర్వేకీ ఏం సంబంధం? వైవా పది రోజుల్లో ఉంది. లెక్కలన్నీ జతచేశాను. చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ టెన్షన్ తగ్గించుకో. నీ సర్వే చెడిపోలేదు. ఫారాలు మళ్ళీ నింపించే పనీ లేదు. చెడిందల్లా ఒక్క వాక్యం. మీ గైడ్ గారు కొట్టింది సరైన చోటే. పక్కన ఇంకో రెండు ముక్కలు రాసి ఉంటే నువ్వు నాకు ఉత్తరం రాయాల్సి వచ్చేది కాదు. అలాగని ఆయన్ను ఏమీ అనలేను. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పిన రోజుల్లో నేనూ ఎందరో పిల్లల రికార్డుల్లో అలా ఎర్రగీత గీసి వదిలేసినవాణ్ణే.

ఒక పని చెయ్యి. నీ ఫారంలో అంకెల్ని వేలితో మూసెయ్. బాగాలేదు, అంత బాగాలేదు, పర్వాలేదు, బాగుంది, చాలా బాగుంది. ఈ మాటలే మిగులుతాయి. ఇద్దరు “పర్వాలేదు” అన్నారు, ఒకరు “చాలా బాగుంది” అన్నారు. ఈ మూడూ కూడి మూడుతో భాగించు. రాదు కదా. ఏది ఎక్కువ, ఏది తక్కువ అని వరసలో పెట్టమంటే మాత్రం కళ్ళు మూసుకుని పెడతావు. జనం నీకు ఇచ్చింది అంతే, వరస ఒక్కటే. పక్కన 1, 2, 3 వేసింది నువ్వు. నింపడానికి సులువుగా ఉంటుందని వేశావు, తర్వాత ఆ సంగతి మరిచిపోయి, అవేవో కిలోలో సెంటీమీటర్లో అయినట్టు కూడేశావు.

అంకె కనిపించగానే కూడబుద్ధేస్తుంది. అదొక జబ్బు, చదువుకున్నవాళ్ళకే ఎక్కువ. అనంతపురం పిన్‌కోడ్ 515001, కర్నూలుది 518001. ఈ రెండింటికీ సగటు తియ్యమంటే నవ్వుతావు. మన ఊళ్ళ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారికి 2010కి ముందు నంబరు 7. రోడ్డు ఏమీ ఆరు రెట్లు పెరగలేదు, పేరు మారిందంతే. ఆ అంకె పని గుర్తుపట్టడం. తక్కెడలో వేసిన ఉల్లిగడ్డల బస్తా మీద రాసిన 50 అలాంటిది కాదు. అది కొలత. రెండు బస్తాలు కలిస్తే 100. నీ ఫారంలో అంకెలు ఈ రెండింటి మధ్య రకం. పేరు కంటే కొంచెం ఎక్కువ చెబుతాయి, కొలత అంత చెప్పవు. దీన్నే ఆర్డినల్ డేటా అంటారు, పాఠ్యపుస్తకాల్లో క్రమసూచక దత్తాంశం అని ఉంటుంది. ఇలా అంకెల్ని నాలుగు తరగతులుగా విడగొట్టి 1946లో వ్యాసం రాసింది ఎస్. ఎస్. స్టీవెన్స్ అనే హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త. నామమాత్రం, క్రమం, అంతరం, నిష్పత్తి అని ఆ నాలుగూ చెప్పి, మీ ప్రాజెక్టులోది రెండోది అను. వైవాలో ఆ మాత్రం చాలు.

తాడిపత్రి అమ్మాయివి కాబట్టి దీన్ని రాళ్ళతో చెబుతాను. మీ ఊళ్ళో పాలిష్ బండల చప్పుడు వినకుండా ఎవరూ పెరగరు.

రాళ్ళ గట్టిదనానికి మోస్ స్కేలు అని ఒకటుంది. ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త 1812లో పెట్టాడు. ఆయన పద్ధతిలో మిషన్ లేదు, మీటరూ లేదు. ఏ రాయి ఏ రాయిని గీస్తుందో చూశాడు, అంతే. పది ఖనిజాలు తీసుకుని గీయించుకునేదాన్ని కింద, గీసేదాన్ని పైన పెట్టాడు. అన్నిటికంటే కింద 1 దగ్గర టాల్క్, అంటే మన బలపం రాయి. జిప్సం 2, కాల్సైట్ 3, ఫ్లోరైట్ 4, అపటైట్ 5, ఫెల్డ్‌స్పార్ జాతి రాయి 6, పలుగురాయి 7, పుష్యరాగం 8, కురువిందం 9, వజ్రం 10. (కురువిందాన్ని ఇంగ్లీషులో కొరండం అంటారు. ఆ మాట మన దక్షిణాది భాషల నుంచే అక్కడికి పోయింది.)

గోరు ఈ వరసలో రెండున్నర దగ్గర ఉంటుంది, ఇనుప చాకు అయిదున్నర దగ్గర. కడప బండ అంటే సున్నపురాయి, అందులో ఉండేది ఎక్కువగా కాల్సైట్. అందుకే చాకు దాని మీద గీత పెడుతుంది. గ్రానైట్‌లో ఫెల్డ్‌స్పార్, పలుగురాయి ఉంటాయి కాబట్టి దాని మీద చాకు జారిపోతుంది. ఇదంతా మీ నాన్నగారికో పక్కింటి మేస్త్రీకో చేతికి తెలిసిన విషయమే, అంకెలు చెప్పకపోవచ్చు.

ఇప్పుడు ఇక్కడ చూడు. కురువిందం 9, వజ్రం 10. మధ్యలో ఒక్క మెట్టే. కానీ గట్టిదనాన్ని పరికరంతో కొలిచినవాళ్ళ లెక్కలో వజ్రం కురువిందం కంటే సుమారు నాలుగు రెట్లు గట్టిది. 1 నుంచి 9 దాకా ఎక్కిన ఎత్తంతా కలిపినా చివరి ఆ ఒక్క మెట్టు ఎత్తు రాదు. అంటే మోస్ మెట్లు సమానమైన మెట్లు కావు. ఒకటి జానెడు ఉంటే ఇంకోటి నిలువెత్తు. ఏ మెట్టు పైన ఏ మెట్టుందో ఆ స్కేలు చెబుతుంది గాని, ఎంత ఎత్తో చెప్పదు.

మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) సంగతి ఇంకా బాగుంటుంది. దాని గట్టిదనం 3 నుంచి 3.5 అని పుస్తకాల్లో రాస్తారు. మూడున్నర అనగానే మూడుకీ నాలుగుకీ సరిగ్గా నట్టనడుమ అనుకుంటాం. అలా కొలిచి రాసింది కాదది. మూడో రాయికి పూర్తిగా లొంగదు, నాలుగో రాయి గీస్తే మాత్రం గీత పడుతుంది, అంతే అర్థం. నీ 3.4, 3.7లలో చుక్క తర్వాత ఉన్న అంకెలు కూడా అలాంటివే. చూడ్డానికి కొలతలా ఉంటాయి, వెనక కొలబద్ద లేదు.

తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో జనం వంచిన నడుము ఎత్తకుండా, దించిన తల దించినట్టే రాళ్ళు వెతుకుతుంటారు, చూసే ఉంటావు. ఎవరికైనా తళుక్కుమనే రాయి దొరికితే అద్దం ముక్క మీద గీసి చూస్తారు. గీత పడితే ఇంట్లో పండగ. కానీ పలుగురాయి కూడా అద్దాన్ని గీస్తుంది కదా, అద్దం గట్టిదనం అయిదున్నరే. ఆ గీత చెప్పేది “ఈ రాయి అద్దం కంటే పైన” అని మాత్రమే. ఎంత పైన అన్నది చెప్పదు. ఏడో మెట్టూ కావచ్చు, పదో మెట్టూ కావచ్చు. ఆ తేడాలోనే ఒకరికి గులకరాయి, ఒకరికి లక్షలు.

వరసకు ఇంకో లోటు ఉంది, అది నేను డబ్బు పెట్టి నేర్చుకున్నాను. కర్నూలులో ఇల్లు కట్టుకున్నప్పుడు వంటింటి గట్టుకు నల్లటి కడప బండ వేయించాం. షాపాయన “ఇది నంబర్ వన్ రకం సార్” అన్నాడు. నిగనిగలాడుతూ అద్దంలా ఉండేది. ఒకరోజు మా ఆవిడ పులిహోరకని నిమ్మకాయలు కోసి, చెక్కలు గట్టు మీదే బోర్లించి వదిలేసింది. మరునాడు తీస్తే గుండ్రంగా తెల్లటి మచ్చలు. ఎంత రుద్దినా పోలేదు. సున్నపురాయికి పులుపు పడదు, పైపొర కరిగిపోతుంది. షాపాయన అబద్ధం చెప్పాడని నేను అనను. చూపుకు అది నంబర్ వన్నే. పులుపుకు ఓర్చుకోవడంలో ఆఖరుది. ఒకటో నంబరు అనగానే “దేనిలో?” అని అడగకపోవడం స్టాటిస్టిక్స్ చెప్పేవాడిగా నా తప్పు. నీ ఉగ్గాని కూడా అంతే. రుచిలోనా, కారంలోనా, వేడిగా వడ్డించడంలోనా? నీ ప్రశ్న “ఎలా ఉంది” అని అన్నిటినీ ఒకే వరసలోకి దించేసింది. దీని మీద వైవాలో తప్పకుండా అడుగుతారు, ముందే ఒప్పేసుకో.

ఇక నీ లెక్కలకు వద్దాం. నువ్వు పంపిన ప్రకారం పాత వంటమనిషికి 1 వేసినవాళ్ళు ఇద్దరు, 2 నలుగురు, 3 పదహారు మంది, 4 పన్నెండు మంది, 5 ఆరుగురు. కొత్తాయనకు 1 ఎనిమిది మంది, 2 ఇద్దరు, 3 ముగ్గురు, 4 ఎనిమిది మంది, 5 పంతొమ్మిది మంది. మొత్తాలు 136, 148. సగటులు 3.4, 3.7. కూడికలో తప్పు లేదు.

ఇప్పుడు 1 నుంచి 5 బదులు 0 నుంచి 4 వేశావనుకో. చాలామంది అలా వేస్తారు, ఎవరూ తప్పనరు. సగటులు 2.4, 2.7 అవుతాయి. పెరుగుదల 12.5 శాతం. అదే హోటల్, అదే ఉగ్గాని, అదే 80 మంది. ఒక్కరూ మాట మార్చలేదు. 8.8 కాస్తా 12.5 ఎలా అయింది? నువ్వు అంకెలు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టావన్న దాన్ని బట్టి మారే శాతం జనం సంతృప్తి గురించి ఏం చెబుతుంది? అందుకే నీ గైడ్ గారి ఎర్రగీత.

ఇది చాలదంటే ఇంకొంచెం ముందుకు పోదాం. “బాగాలేదు” అన్నవాడు మళ్ళీ హోటల్ గడప తొక్కడు, మిగతా నాలుగు మాటల్లో ఏది అన్నవాళ్ళైనా ఎంతో కొంత తృప్తిగా పోయినవాళ్ళే అని మీ మామ అనుకుంటాడు. వ్యాపారం చేసేవాడు అలాగే అనుకుంటాడు, అందులో న్యాయముంది. ఆయన చేత అంకెలు వేయిస్తే బాగాలేదు 0, అంత బాగాలేదు 6, పర్వాలేదు 7, బాగుంది 8, చాలా బాగుంది 9 అని వేస్తాడు. వరస ఎక్కడా చెడలేదు, చూసుకో. ఇప్పుడు కూడు. పాతాయనకు 286, సగటు 7.15. కొత్తాయనకు 268, సగటు 6.7. పాత వంటమనిషి గెలిచాడు!

ఈ రెండు లెక్కల్లో ఏది నిజం అని అడగకు. రెండింటికీ ఒకే సమాధానాలు, ఒకే వరస. తేడా అంతా మెట్ల ఎత్తుల్లో. ఆ ఎత్తులు జనాన్ని నువ్వు అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. సగటు తీసినప్పుడు ఆ ఎత్తులన్నీ సమానమని నువ్వే వాళ్ళ తరఫున సంతకం పెట్టావు.

మధ్యగతం (మీడియన్), అంటే వరసలో నట్టనడుమ నిలబడ్డవాళ్ళ మాట, ఇలా ఊగిపోదు. నలభై మందిని తక్కువ నుంచి ఎక్కువకు వరసలో నిలబెట్టి 20వ మనిషినీ 21వ మనిషినీ చూడు. పాతాయన లెక్కలో ఇద్దరూ “పర్వాలేదు” దగ్గర ఉన్నారు. కొత్తాయన లెక్కలో ఇద్దరూ “బాగుంది” దగ్గర. నువ్వు వేసిన అంకెలైనా, 0 నుంచి వేసినా, మీ మామ అంకెలైనా ఆ నిలబడ్డ మనుషులు మారరు. మధ్యగతానికి వరస తప్ప ఇంకేమీ అక్కర్లేదు, నీ దగ్గర ఉన్నదీ వరసే. బాహుళకం (మోడ్), అంటే అన్నిటికంటే ఎక్కువమంది చెప్పిన మాట, కూడా రాయొచ్చు. పాతది “పర్వాలేదు”, 16 మంది. కొత్తది “చాలా బాగుంది”, 19 మంది.

అయితే మధ్యగతం ఒక్కటే రాసి చేతులు దులుపుకోకు. అసలు విషయం నీ పట్టికలో ఉంది, నువ్వు సగటు మోజులో దాన్ని చూడలేదు. “బాగాలేదు” అన్నవాళ్ళు ఇద్దరి నుంచి ఎనిమిది మంది అయ్యారు. “బాగుంది”, “చాలా బాగుంది” కలిపి 18 మంది ఉండేవాళ్ళు, 27 మంది అయ్యారు. నడుమ ఉన్నవాళ్ళు ఖాళీ అయిపోయి అటూ ఇటూ పోయారు. పాతాయన ఉగ్గాని తెగ నచ్చినవాళ్ళూ తక్కువే, అసలు నచ్చనివాళ్ళూ తక్కువే. కొత్తాయనది కొందరు లొట్టలేసుకుంటూ తింటున్నారు, కొందరు ప్లేటు వదిలేసి పోతున్నారు. సగటు ఈ రెండు గుంపుల్నీ కలిపి 3.7 అని ముద్ద చేసింది. మధ్యగతం కూడా ఆ ఎనిమిది మందిని చూపించదు. అందుకే రిపోర్టులో ముందు ఎంతమంది ఏమన్నారన్న పట్టిక, దాని కింద మధ్యగతం, ఆ తర్వాతే పరీక్ష. పక్కపక్కన రెండు బార్లు గీస్తే ఇంకా మంచిది, ఎగ్జామినర్ ఒక్క చూపులో పట్టుకుంటాడు.

పరీక్ష అంటే మాన్-విట్నీ పరీక్ష. 1947 నాటిది. సాఫ్ట్‌వేర్ బటన్ నొక్కితే వచ్చేస్తుంది గాని, లోపల ఏం జరుగుతుందో ఒకసారి చేత్తో చూడు, వైవాలో ధైర్యంగా ఉంటుంది. పాత నలభై మందిలో ఒక్కొక్కణ్ణి కొత్త నలభై మందిలో ఒక్కొక్కరి ఎదురుగా కుస్తీకి దింపినట్టు దింపు. 1600 జతలు. ఎవరి మాట పైమెట్టులో ఉంటే వాళ్ళు గెలిచినట్టు. నేను వేసి చూశాను. కొత్తవాళ్ళు 844 జతల్లో గెలిచారు, పాతవాళ్ళు 474 జతల్లో, 282 జతల్లో సమానం. చూశావా, ఎక్కడా ఎంత తేడాతో గెలిచారని అడగలేదు. ఎవరు పైన అని మాత్రమే అడిగాం. వరసను గౌరవించే లెక్క అంటే ఇదీ.

సమానమైన జతల్ని చెరి సగం పంచితే కొత్తవాళ్ళకు 985 వస్తాయి. ఇద్దరు వంటవాళ్ళకీ తేడా లేకపోతే 800 దగ్గర రావాలి. 985 అన్నది అదృష్టం కొద్దీ కూడా వచ్చేదేనా అంటే, సమానాల సవరణతో నాకు పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంతకంటే ఎక్కువ, అదృష్టం కొద్దీ వచ్చే అవకాశం) సుమారు 0.07 వచ్చింది. మీ కాలేజీలో 0.05 గీత పెడతారు కాబట్టి గీత దాటలేదు. “కొత్త వంటమనిషి వైపు మొగ్గు కనిపిస్తోంది, కానీ 5 శాతం స్థాయిలో రుజువు కాలేదు” అని రాయి. 8.8 శాతం పెరిగిందన్న వాక్యం కంటే ఇది నీరసంగా ఉంటుంది. ఉండనీ.

ఒక చిన్న హెచ్చరిక. విల్‌కాక్సన్ పేరుతో 1945లోనే రెండు పరీక్షలు వచ్చాయి. సాఫ్ట్‌వేర్‌లో ర్యాంక్-సమ్ అని ఉన్నది మాన్-విట్నీ లాంటిదే, రెండు వేర్వేరు గుంపులకు. సైన్డ్-ర్యాంక్ అని ఉన్నది అదే మనుషుల్ని రెండుసార్లు అడిగితే వాడేది. నువ్వు అడిగింది వేరే 40 మందిని కాబట్టి అది నీకు కాదు. పైగా ఆ సైన్డ్-ర్యాంక్ తేడాల సైజును కూడా లెక్కలోకి తీసుకుంటుంది, అందుకని ఇలాంటి ఫారాలకు అదీ నాకు పూర్తిగా నచ్చదు. పెరిగిందా, తగ్గిందా అని మాత్రమే చూసే వట్టి సైన్ టెస్ట్ నయం.

“మరి సీనియర్లంతా సగటే తీశారు కదా సార్” అని నీ మనసులో ఉంటుంది. నిజమే. ఇలాంటి ఐదు గడుల ఫారానికి లైకర్ట్ స్కేలు అని పేరు, రెన్సిస్ లైకర్ట్ 1932లో పెట్టాడు. ఆయన ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోలేదు. ఒకే విషయం మీద అనేక వాక్యాలు ఇచ్చి, వాటి మార్కులు కలిపాడు. అలా చాలా ప్రశ్నలు కలిపిన మొత్తాన్ని కొలతలా చూడటం చాలా చోట్ల చెల్లుబాటవుతోంది. స్టీవెన్స్ కూడా, ఖచ్చితంగా మాట్లాడితే క్రమసూచక అంకెలకు సగటు పనికిరాదని చెబుతూనే, ఆచరణలో అది మంచి ఫలితాలకు దారితీస్తున్న మాటా నిజమేనని ఒప్పుకున్నాడు. వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నా మట్టుకు నేను ఇలా పెట్టుకున్నాను: పది ప్రశ్నలు కలిపిన మొత్తానికి సగటు తీస్తే చూసీచూడనట్టు పోతాను. ఒక్క ప్రశ్నకు సగటు తీస్తే మొహం చిట్లిస్తాను. ఆ సగటుకు శాతం కట్టి “ఇంత పెరిగింది” అంటే మాత్రం నేనూ ఎర్ర ఇంకే వాడతాను.

ఇప్పుడు నీ రెండో సందేహం. చిన్నప్పుడు చదివిన ఫస్ట్, సెకండ్, థర్డ్‌కీ దీనికీ సంబంధం ఏమిటని. అదే ఇది, వేరే ఏమీ కాదు. మన ఇళ్ళలో పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అంటాం కదా. పెద్దోడికీ నడిపోడికీ ఏడాదిన్నర తేడా ఉండొచ్చు, నడిపోడికీ చిన్నోడికీ తొమ్మిదేళ్ళు ఉండొచ్చు. పిలుపులో ఆ సంగతి లేదు. రెండో కొడుకు, మూడో కొడుకు కలిస్తే ఐదో కొడుకు కాడు. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ర్యాంకు కూడా ఇంతే. చిట్టచివరి పైకొసలో రెండు ర్యాంకుల మధ్య చాలా మార్కులు ఉండొచ్చు, జనం కిక్కిరిసిన నడిమి భాగంలో ఒక్క మార్కు తేడాకు ర్యాంకు వేలల్లో జారిపోతుంది. పదివేల ర్యాంకు వచ్చిన పిల్లవాణ్ణి ఐదువేల ర్యాంకు వచ్చిన వాడిలో సగం అని తిట్టే తండ్రులు మా వీధిలోనే ఉన్నారు.

తెలుగులో రెండు, మూడులకు “ఓ” గానీ “అవ” గానీ చేరిస్తే రెండో, మూడవ అని వరస మాట తయారవుతుంది. ఒకటి దగ్గర మాత్రం మనకు రెండు దారులున్నాయి. ఒకటో తారీఖు, ఒకటో తరగతి అంటాం. ఒకటో కాన్పు అనం, మొదటి కాన్పు అంటాం. ముందే నంబర్లు వేసిపెట్టిన వరసైతే ఒకటో, కొత్తగా మొదలయ్యేదైతే మొదటి అని నాకు అనిపిస్తుంది. పిల్లవాడికి నాలుగేళ్ళు నిండితే ఐదో ఏడు పడిందంటాం. నాలుగు అన్నది గడిచిన లెక్క, ఐదో అన్నది నడుస్తున్న మెట్టు పేరు. 21వ శతాబ్దంలో ఏళ్ళన్నీ 20తో మొదలవుతుంటే 21 ఎక్కణ్ణుంచి వచ్చిందని పిల్లలు అడిగేది ఈ తేడా తెలియకే.

మన తిథులు కూడా వరస మాటలే. చవితి అంటే నాలుగోది, పంచమి అంటే ఐదోది. చంద్రుడు సూర్యుడికి పన్నెండు డిగ్రీలు దూరం జరిగితే ఒక తిథి. డిగ్రీల్లో అన్నీ సమానమే. గంటల్లో మాత్రం ఒక తిథి సుమారు 19 గంటల్లో అయిపోతుంది, ఇంకోటి 26 గంటల దాకా సాగుతుంది, చంద్రుడి వేగం ఒకేలా ఉండదు కాబట్టి. ఒక కొలబద్ద మీద సమానమైన మెట్లు ఇంకో కొలబద్ద మీద సమానం కాకపోవడానికి ఇంతకంటే ఇంటి దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

అంకెల వరసలా కనిపించినా పూర్తిగా వరస కానివి కూడా ఉన్నాయి. తుపాను వస్తే టీవీలో “ఐదో నంబరు ప్రమాద హెచ్చరిక, ఏడో నంబరు ప్రమాద హెచ్చరిక” అని చెబుతారు. ఏడు అయిదు కంటే భయంకరమని మనం అనుకుంటాం, మన సీమలో సముద్రం లేదు కాబట్టి ఎవరూ సరిచేయరు. నిజానికి 5, 6, 7 మూడూ ఒకే స్థాయి ప్రమాదం. తుపాను ఓడరేవుకు ఏ పక్కగా పోతుంది, లేక మీదుగానే పోతుందా అన్నదే వాటి మధ్య తేడా. 8, 9, 10 కూడా అలాగే, మహా ప్రమాదంలో మూడు దిక్కులు. 11 అంటే సమాచార సంబంధాలు తెగిపోయాయని.

చివరగా నీ ఫారం గురించి ఒక మాట. 3 పక్కన “పర్వాలేదు” అని పెట్టావు. మన వైపు పర్వాలేదు అంటే నడిమి మాట అని నువ్వు అనుకున్నావు. పెళ్ళిచూపులకు పోయి వచ్చి “అబ్బాయి పర్వాలేదు” అంటే సంబంధం ఖాయమైనట్టే. కొత్త చీర చూపించినప్పుడు అదే మాట అంటే ఆ పూట ఇంట్లో అన్నం దొరకదు. పలికే తీరులో ఉంది అర్థం, కాగితం మీద తీరు కనబడదు. “మామూలుగా ఉంది” అని పెట్టి ఉంటే నయం. వరస మెట్లకు పేర్లు పెట్టేటప్పుడు ఆ మాటలు పది మందికి కలిపి ఇచ్చి “వీటిని తక్కువ నుంచి ఎక్కువకు పేర్చండి” అని అడగాలి. అందరూ ఒకేలా పేరిస్తేనే ఫారంలోకి ఎక్కించాలి. ఈసారికి నీ రిపోర్టులో పరిమితులు అన్న భాగంలో ఇది రాసెయ్. హోటల్ యజమాని మేనకోడలు ఎదురుగా నిలబడి అడిగితే మొహమాటానికి ఒక మెట్టు ఎక్కించి చెప్పే వాళ్ళుంటారని కూడా అక్కడే రాయి.

ఫారం చివర “ఇంకేమైనా చెప్పాలా?” అన్న గడి ఉంటే, 1 వేసిన ఆ ఎనిమిది ఫారాలు బయటకు తీసి చదువు. ఉగ్గానిలో పచ్చిమిరపకాయలు ఎక్కువయ్యాయా, బొరుగులు మరీ నానిపోయాయా, పప్పుల పొడి తగ్గిందా, బజ్జీలు చల్లారిపోయి వచ్చాయా, ఏదో ఒకటి దొరుకుతుంది. అది మీ మామకు ముందు చెప్పు, గైడ్ గారికి తర్వాత.